ఇంటి కాన్పులు సున్నా

చట్టం చేసినవాళ్ళు చావు ఇంటికి వెళ్ళకూడదని ఏ చట్టంలోనూ రాసి లేదు. రాసి ఉంటే ఎంత బాగుండేదో అనుకుంటూ హెర్మీనియా కతూబిగ్ పడవ దిగింది. దిగగానే మోకాళ్ళ దాకా తడిసింది. ఆ దీవికి రేవు లేదు. రేవు కట్టిస్తామని ప్రతి ఎన్నికల్లోనూ ఎవరో ఒకరు చెబుతూనే ఉంటారు. ఆవిడా చెప్పింది, ఒకసారి కాదు.

ప్రావిన్సు సభ సభ్యులను అక్కడ బోకల్ అంటారు. దీవి జనానికి ఆవిడ బోకలమ్మ. ఎన్నికైన మనిషి పెళ్ళికి రాకపోయినా జనం సరిపెట్టుకుంటారు గానీ శవజాగారానికి రాకపోతే మనవల కాలం దాకా గుర్తుపెట్టుకుంటారు. ఇన్నేళ్ళలో హెర్మీనియా ఎన్ని శవపేటికల ముందు నిలబడిందో ఆవిడకే లెక్క లేదు. పూలచక్రం పంపడం, డబ్బు కవరు చేతిలో పెట్టడం, రెండు మంచి మాటలు చెప్పి కాఫీ తాగి రావడం ఆవిడకు కొట్టిన పిండి. ఈసారి మాత్రం పడవలో వచ్చినంతసేపూ ఆ రెండు మాటలూ నోటికి రాలేదు.

పోయిన పిల్ల పేరు జోవిలిన్. తొలి కాన్పు. మొగుడు ఎక్కడో విదేశీ ఓడల్లో పనిచేస్తున్నాడు. ఆ దీవి పెద్ద, కపితాన్ ఎల్పిద్యో కూతురు. నైరుతి గాలి విరుచుకుపడుతున్న రోజున నొప్పులు మొదలయ్యాయి. పట్నంలోని కాన్పుల కేంద్రానికి తీసుకెళ్తుంటే నడి సముద్రంలో, పడవలోనే ప్రసవించి, నెత్తురు ఆగక చచ్చిపోయింది. బిడ్డ మాత్రం బతికింది, ఆడపిల్ల. దీవిలోనే మంత్రసాని చేత కాన్పు చేయిస్తే తల్లి కూడా బతికేదేమో. కానీ ఇంట్లో కాన్పు జరగకూడదు. అది హెర్మీనియా చేసిన చట్టం.

శవపేటికను బాస్కెట్‌బాల్ కోర్టులో పెట్టారు. రేకుల కప్పు, సిమెంటు గచ్చు, అటొకటి ఇటొకటి బుట్టలు. ఎండకైనా వానకైనా, పండగకైనా చావుకైనా దీవిలో జనం చేరడానికి అంతకంటే మంచి చోటు లేదు. బుట్ట వెనకున్న పలక మీద హెర్మీనియా బొమ్మ పళ్ళన్నీ కనపడేలా నవ్వుతోంది. దాని కింద ఎర్రటి పెద్ద అక్షరాలు: "ఇంటి కాన్పులు సున్నా. బోకల్ హెర్మీనియా కతూబిగ్ కానుక." పేటిక సరిగ్గా దాని కిందే ఉంది. ఆ పలక మీద దుప్పటి కప్పమని ఎవరికైనా చెబుదామా అనుకుంది. చెబితే చూడనివాళ్ళు కూడా తలెత్తి చూస్తారని ఊరుకుంది.

"బోకలమ్మ వచ్చింది, కుర్చీ వెయ్యండి!" అని ఎవరో కేకేశారు.

పేకాడుతున్న ముసలాళ్ళు సగం లేచి మళ్ళీ కూర్చున్నారు. "తల్లీ, నువ్వొచ్చిన వేళావిశేషం, నాకు మొదటిసారి మంచి ముక్కలు పడ్డాయి" అన్నాడొకడు.

"నోర్ముయ్, పిల్ల పెట్టెలో ఉంటే నీ ముక్కల గోలేంటి?"

"పెట్టెలో పిల్లకి తోడుగానే కదా ఆడుతున్నాం. ముక్కలు లేకపోతే నువ్వీపాటికి గురక పెట్టేవాడివి."

అందరూ నవ్వారు. శవజాగారంలో నవ్వకపోతే తెల్లవార్లూ ఎవరు మేలుకుంటారు? హెర్మీనియా కూడా నవ్వబోయింది. అంతలో పేటిక పక్కన కూర్చున్న తల్లి క్రిస్పీనా తలెత్తి చూసింది. నవ్వు అక్కడే ఆగిపోయింది.

నిజానికి హెర్మీనియా చెడ్డ చట్టం చేద్దామని చెయ్యలేదు. రాజకీయాల్లోకి రాకముందు ఆవిడ ప్రావిన్సు ఆసుపత్రిలో ప్రసూతి నర్సు. దీవుల నుంచి ఆడవాళ్ళను తెచ్చేవారు, అన్నీ అయిపోయాక. రెండు రోజులు మంత్రసాని పొట్ట నొక్కాక, కొబ్బరి నూనె రాశాక, కన్యమరియకు మొక్కుకున్నాక, ఇంక లాభం లేదని తలుపు చెక్క మీద మోసుకొచ్చేవారు. అలాంటివాళ్ళ కళ్ళు మూసి మూసి ఆవిడ విసిగిపోయింది. ఆ కోపంతోనే సభకు పోటీ చేసింది, గెలిచింది. గెలిచిన ఏడాదే బిల్లు పెట్టింది. ఇంట్లో కాన్పులు నిషేధం. మంత్రసాని చెయ్యి వేస్తే జరిమానా, వేయించుకున్న ఇంటివాళ్ళకూ జరిమానా.

సభలో పెద్దమనుషులు ఆవలించారు. గర్భసంచి గురించి భోజనానికి ముందు మాట్లాడొద్దని ఒకాయన చేతులు జోడించాడు. ఆడవాళ్ళ ప్రాణాలకు ఓట్లు రావని ఆవిడకు అప్పుడు తెలిసింది. మరి వేటికి వస్తాయి? బాస్కెట్‌బాల్‌కు వస్తాయి. చెప్పుల్లేని పిల్లవాడి నుంచి గోచీ సరిగా నిలవని తాత దాకా ఆ దేశంలో అందరికీ ఆ ఆటంటే ప్రాణం. నీడపట్టున ఆడుకునే కోర్టు ఇచ్చినవాడిని జనం దేవుడిలా చూస్తారు. హెర్మీనియా బిల్లుకు ఒక్క వాక్యం కలిపింది. ఇంటి కాన్పు ఒక్కటి కూడా లేని ఊరికి కప్పు వేసిన కోర్టు. మొదటి ఏడు కప్పు, రెండో ఏడు గచ్చు, మూడో ఏడు దీపాలు. మధ్యలో ఒక్క కాన్పు ఇంట్లో జరిగిందా, మిగతావి రావు.

బిల్లు చప్పట్ల మధ్య గెలిచింది. ఆవలించినవాళ్ళే లేచి నిలబడి కొట్టారు.

చట్టం పనిచేసింది కూడా. ఆ మాట కాదనడానికి లేదు. పెద్ద దీవిలో, రోడ్డున్న ఊళ్ళలో ఆడవాళ్ళు వేళకు కాన్పుల కేంద్రానికి వెళ్ళసాగారు. తలుపు చెక్కలు తగ్గాయి. హెర్మీనియా గర్వపడింది. రోడ్డు లేని చోట, సముద్రం మూసుకుపోయే నెలల్లో ఏం చెయ్యాలన్నది మాత్రం ఆలోచిద్దాంలే అనుకుని వాయిదా వేసింది. ఆసుపత్రి దగ్గర నెలలు నిండిన ఆడవాళ్ళు ముందుగా వచ్చి ఉండేందుకు ఒక బస కట్టించాలని రాసుకుంది గానీ ఉన్న డబ్బు కోర్టులకే చాలలేదు.

క్రిస్పీనా కాఫీ తెచ్చి ఇచ్చింది. భుజం మీద బిడ్డ నిద్రపోతోంది. ఆవిడ హెర్మీనియా పక్కనే కూర్చుని, అడగకుండానే చెప్పడం మొదలుపెట్టింది.

"పొద్దున్నే నొప్పులొచ్చాయి, రోజులు నిండకుండానే. సముద్రం చూస్తే నల్లగా ఉంది. నేనే వెళ్ళి మంత్రసాని సబేలక్కని పిలిచాను. పాపం జరిమానా అంటే హడలిపోయే మనిషి, అయినా నీళ్ళు కాచుకోమంటూ వచ్చింది. ఈయన గుమ్మంలో అడ్డంగా నిలబడ్డాడు. 'కపితాన్ ఇంట్లోనే కాన్పైతే ఊరు నన్నేమంటుంది? దీపాలు పోతాయే' అన్నాడు. 'దీపాలు పోతే పోనీ' అన్నాను. 'దీపాలే కాదు, ఆసుపత్రిలో అయితే పిల్ల క్షేమంగా ఉంటుంది, బోకలమ్మ చెప్పింది కదా' అన్నాడు. పిల్లేమో నాన్న మాటే విన్నది. చిన్నప్పట్నుంచీ అంతే దానికి, నాన్నంటే పిచ్చి. తనే నడుచుకుంటూ వెళ్ళి పడవెక్కింది."

హెర్మీనియాకు ఏడుపు ఆగలేదు. క్రిస్పీనా ఏడవలేదు. కపితాన్‌తో ఆ రోజు నుంచీ ఆవిడ ఒక్క మాట కూడా మాట్లాడలేదని పేకాట దగ్గర ఎవరో గుసగుసగా అంటే హెర్మీనియా చెవిన పడింది.

కబురు తెలిసిన రోజే హెర్మీనియా సవరణ రాయడం మొదలుపెట్టింది. జరిమానా ఎత్తెయ్యాలి. కోర్టుల ఆశ తీసెయ్యాలి. సముద్రం మూసుకుపోతే, శిక్షణ పొందిన మంత్రసాని దీవిలోనే కాన్పు చెయ్యవచ్చు. ఆ మాట ఈ ఇంట్లోవాళ్ళకు తన నోటితోనే చెప్పాలని వచ్చింది. చెప్పడానికి గొంతు సవరించుకునేలోపు ఎల్పిద్యో వచ్చి ఎదురుగా కూర్చున్నాడు.

ఆయన్ను గుర్తుపట్టడానికి ఆవిడకు కాస్త సమయం పట్టింది. కోర్టు ప్రారంభం రోజున ఇదే గచ్చు మీద ఆయన మెళ్ళో దండ వేసి, ఇలాంటి కపితాన్ ఊరికొకడు ఉంటే చాలని తనే మైకులో చెప్పింది. ఆ భుజాలు ఇప్పుడు జారిపోయాయి. కళ్ళు చింతనిప్పుల్లా ఉన్నాయి.

"నిద్ర పట్టట్లేదు బోకలమ్మా" అన్నాడు. "కళ్ళు మూస్తే చాలు, పడవ ఊగుతుంది. నాకు నీ దగ్గర్నుంచి ఏమీ వద్దు, కవరు కూడా వద్దు. ఒక్క మాట చెప్పు. నువ్వు నర్సువి, చట్టం చేసినదానివి, నీకంటే తెలిసినవాళ్ళు లేరు. నేను చేసింది సరైన పనేనా?"

క్రిస్పీనా బిడ్డను జోకొట్టడం ఆపింది.

హెర్మీనియా ఆసుపత్రిలో ఎంతోమంది తండ్రుల మొహాలు చూసింది. ఇలాంటి మొహం ఉన్న మనిషికి నిజం చెబితే రేపు పొద్దున ఏ చెట్టుకు వేలాడతాడోనన్న భయం ఆవిడకు కొత్త కాదు. అంతకంటే ఎక్కువగా, నిజం చెప్పాలంటే, ఆ నిజంలో మొదటి ముద్దాయి తనే. భయమూ పిరికితనమూ కలిసి నోటిని నడిపించాయి.

"సరైన పనే ఎల్పిద్యో" అంది. "చెయ్యాల్సిందే చేశావు. తప్పు గాలిది."

ఆయన తల ఊపాడు. ఇంకోసారి ఊపాడు. ఆ ప్లాస్టిక్ బల్ల మీదే చేతుల్లో తల పెట్టుకుని, అందరూ చూస్తుండగా నిద్రపోయాడు. పేకాటగాళ్ళు ఒకళ్ళనొకళ్ళు ఉష్ ఉష్ అనుకున్నారు. ఎవరో ఆయన మీద తువ్వాలు కప్పారు.

"మంచి మందే వేశావు బోకలమ్మా" అంది క్రిస్పీనా. "మరి నాకేం వేస్తావు?"

"క్రిస్పీనా, నేను ఆ చట్టం మార్చబోతున్నాను. అది చెప్పడానికే వచ్చాను."

"సరైన పనైతే మార్చడమెందుకు?"

హెర్మీనియా కాఫీ కప్పు కింద పెట్టింది. క్రిస్పీనా ఆవిడ వైపు తిరగకుండా, మొహం కనపడేలా పేటికకు పెట్టిన అద్దం మీద వాలిన ఈగను తోలుతూ అంది. "నా పిల్ల మొహం ముందే అన్నావు ఆ మాట. ఆయనకి కాకపోయినా దీనికైనా నిజం చెప్పాల్సింది."

సవరణ చర్చకు వచ్చిన రోజున హెర్మీనియా తెల్లవారకముందే లేచి ప్రసంగం దిద్దుకుంటూ కూర్చుంది. వైస్ గవర్నరు బాల్దో తన ఇంట్లో బోకళ్ళందరికీ ఫలహారం పెడుతున్నానని, రమ్మని ఫోన్ చేశాడు. సభను నడిపించేది ఆయనే. అరిటాకులో ఉడికించిన సుమాన్ తింటూ కబుర్లు చెప్పుకునే తీరిక తనకు లేదని ఆవిడ వెళ్ళలేదు. ఆ ఫలహారాల దగ్గరే సభలో సగం పనులు తేలిపోతాయన్న సంగతి ఆవిడకు తెలియంది కాదు.

సభకు వెళ్ళేసరికి సందర్శకుల బెంచీలన్నీ నిండి ఉన్నాయి. దీవుల కపితాన్లంతా కట్టగట్టుకుని వచ్చారు. దీపాలు రానివాళ్ళే ఎక్కువ. ముందు వరసలో ఎల్పిద్యో. ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా, నున్నగా దువ్విన తల, మొహంలో కాస్త రక్తం. భుజం మీద మనవరాలు. పక్కవాళ్ళందరికీ దాన్ని చూపిస్తున్నాడు. "అచ్చం వాళ్ళమ్మే, ముక్కు చూడండి" అంటున్నాడు. ఒక ముసలాయన దాన్ని ఎత్తుకోబోతే "ఆగండాగండి, నా దగ్గరైతేనే ఊరుకుంటుంది" అని వెనక్కి లాక్కున్నాడు. క్రిస్పీనా ఒక మనిషంత ఎడంగా కూర్చుని ఉంది.

ఎల్పిద్యోను చూస్తే హెర్మీనియాకు ముందు సంతోషమే వేసింది. మనిషి తేరుకున్నాడు అనుకుంది. ప్రజల అభిప్రాయం చెప్పడానికి ఆయన పేరు పిలిచినప్పుడు గానీ సంగతి అర్థం కాలేదు. సవరణకు వ్యతిరేకంగా మాట్లాడేవాళ్ళలో ఆయనది మొదటి పేరు.

బిడ్డను క్రిస్పీనా ఒళ్ళో పెట్టి ఆయన మైకు దగ్గరకు వెళ్ళాడు.

"నాకు మాట్లాడ్డం రాదు" అన్నాడు. "నా కూతురు పడవలో పోయింది. అందరికీ తెలుసు. అయినా నేను చెప్పేదేంటంటే, ఆ చట్టం ఉండాలి. పెట్టె పక్కన కూర్చుని బోకలమ్మ స్వయంగా నాతో చెప్పింది, నేను చేసింది సరైన పనేనని. ఆ మాటతోనే నేను అన్నం తింటున్నాను. ఇప్పుడు ఆవిడ చేతే ఎవరో మాట మార్పిస్తున్నారు. చట్టం తప్పని మీరు కొట్టేస్తే మా జోవిలిన్ దేనికి పోయినట్టు? ఆ మాట నాకు చెప్పి కొట్టెయ్యండి."

వెనక వరసలో కపితాన్లు చప్పట్లు మొదలుపెట్టారు. బోకళ్ళు తలలు వంచుకున్నారు. ఒకాయన జేబురుమాలు తీశాడు. చట్టం ఇంక కదలదు అనుకుంది హెర్మీనియా. రేపు ఇంకో దీవిలో ఇంకో పిల్ల నాన్న మాట విని పడవెక్కుతుంది.

"బోకల్ కతూబిగ్, మీరు అలా అన్నారా?" అని బాల్దో అడిగాడు.

తప్పించుకునే దారులు ఆవిడకు చాలా తెలుసు. ఓదార్పుగా అన్నానని అనొచ్చు. సందర్భం వేరని అనొచ్చు. ఆవిడ లేచి నిలబడి క్రిస్పీనా వైపు చూసింది. తర్వాత ఎల్పిద్యో వైపు తిరిగింది.

"అన్నాను. అది అబద్ధం" అంది. "ఎల్పిద్యో, ఆ రోజు నువ్వు సబేల్‌ని లోపలికి రానివ్వాల్సింది. ఆ గాలిలో పడవెక్కించడం తప్పు. ఆ తప్పు నీ చేత చేయించింది నేను. నా జరిమానా, నా కోర్టు, నా దీపాలు. నీ స్థానంలో ఎవరున్నా అదే చేసేవారు. ముద్దాయిని నేను, నువ్వు కాదు."

ఇంకా చాలా చెప్పింది. బాగా చెప్పింది. విన్నవాళ్ళు కళ్ళు తుడుచుకున్నారు. ఎల్పిద్యో మాత్రం మొదటి మూడు మాటలు విన్నాక ఇంకేమీ వినలేదు. మైకు ముందే నిలబడిపోయాడు. ఉద్యోగి ఒకడు వచ్చి మోచెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి కూర్చోబెట్టాడు.

ఓటింగు అంతలోనే అయిపోయింది. అనుకూలంగా ఉన్నవాళ్ళు చేతులెత్తండి అంటే అందరూ ఎత్తారు. జేబురుమాలు ఆయన కూడా ఎత్తాడు. హెర్మీనియా అటూ ఇటూ బిత్తరపోయి చూసింది. సవరణ గెలిచింది.

భోజన విరామానికి లేస్తూ బాల్దో ఆవిడ పక్కకు వచ్చాడు. "పొద్దున ఫలహారానికి వచ్చుంటే నీకీ కంగారు ఉండేది కాదు కదా, మీనియా" అన్నాడు. "అందరం అక్కడే అనేసుకున్నాం. కోర్టులు చాలామటుకు కట్టేశాం, ఇంక ఆ చట్టం ఎవరిక్కావాలి? ఆయనెవరో వచ్చి ఏడ్చినంత మాత్రాన ఆగేది కాదు."

"ఆగేది కాదా?"

"ఎందుకాగుతుంది? పెద్దాయన్ని మాట్లాడనిచ్చి, ఓ దండం పెట్టి పంపించేవాళ్ళం. పాపం, ఇందాక ఆ మాట ఆయనతో అనకుండా ఉండాల్సింది నువ్వు." ఆయన ఆవిడ భుజం తట్టి, పంది వేపుడు చల్లారిపోతోందంటూ వెళ్ళిపోయాడు.

బెంచీలన్నీ ఖాళీ అయ్యాయి. ఎల్పిద్యో మాత్రం కూర్చోబెట్టిన చోటే ఉన్నాడు. హెర్మీనియా దగ్గరకు వెళ్ళింది. సవరణ గెలిచిందని చెప్పాలా? నీకు నిజం చెప్పకపోయినా గెలిచేదని చెప్పాలా? ఆ రెండో సంగతి చచ్చేదాకా తన కడుపులోనే దాచుకోవాలని అక్కడ నిలబడే నిర్ణయించుకుంది.

"లెండి" అంది క్రిస్పీనా. కూతురు పోయాక ఆవిడ మొగుడితో అన్న మొదటి మాట అది. కటువుగా అనలేదు. "ఆఖరి పడవ వెళ్ళిపోతుంది. నేను సంచులు తీసుకుంటాను. దీన్ని కాస్త పట్టుకోండి."

ఆవిడ బిడ్డను అందించింది. బిడ్డ కళ్ళు తెరిచి ఆయన చొక్కా గుండీల వైపు చెయ్యి చాపింది.

ఎల్పిద్యో లేచి ఒక అడుగు వెనక్కి వేశాడు. రెండు చేతులూ వీపు వెనక్కి పెట్టేసుకున్నాడు.

"నాకివ్వకు" అన్నాడు. "నా చేతికివ్వకు."

"నేను పట్టుకుంటాను" అని హెర్మీనియా చేతులు చాపింది. క్రిస్పీనా ఆ చేతుల వైపు చూసింది. ఇవ్వలేదు. బిడ్డను ఒక భుజాన, సంచులు రెండో భుజాన వేసుకుని మెట్లు దిగింది. ఆయన చేతులు వెనకే ఉంచుకుని ఆవిడ వెనకాల నడిచాడు.